ఇరవై గజాలు

ఆగస్టు రెండోవారం వచ్చిందంటే నిచ్చెన, కొమ్మలు కోసే రంపం, కొత్త పట్టీల సంచి తీసుకుని పక్క పొలం పెద్దాయన అడవిలోకి పోతాను. మంచెను చెట్టుకు బిగించి ఉంచే నైలాన్ పట్టీలు ఏడాది తిరిగేసరికి నమ్మదగ్గవి కావు. ఎండకు రంగు వెలిసి పెళుసెక్కుతాయి. ఉడతలు కొరికి పెడతాయి. మన చెమట ఉప్పు కోసం కొరుకుతాయంటాడు పెద్దాయన, వేరే పనిలేక అంటాను నేను. చెట్టు కూడా ఊరుకోదు, లావెక్కుతుంది. నిరుడు ఒక పట్టీ బెరడులోకి ఎంత దిగబడిందంటే, కత్తితో కోసి పెరికితే చెట్టుకు మొలతాడు కట్టి విప్పినట్టు చుట్టూ అచ్చు మిగిలింది. ఇక సీటు కింద కందిరీగలు. చెయ్యి పెట్టకముందే కర్రతో తట్టి చూడాలి. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, కందిరీగలే చెప్పాయి.

ఇక్కడ దీన్ని ట్రీ స్టాండ్ అంటారు. నేను మాత్రం మంచె అనే అంటాను. మాడిసన్‌కు పడమరగా గంట ప్రయాణం, విస్కాన్సిన్ రాష్ట్రం. సెప్టెంబరు నడిమికి విల్లు సీజన్ మొదలవుతుంది. పెద్దాయన పాలకోసం ఆవుల్ని సాకి విరమించుకున్న మనిషి, వయసు ఎనభై ఆరు. నా పేరు ఆయన నోట ఇన్నేళ్ళలో ఒక్కసారీ సరిగ్గా పలకలేదు. విల్లు పట్టడం నేర్పింది మాత్రం ఆయనే.

మాది మార్కాపురం దాటి దోర్నాల పోయే దారిలో, నల్లమల అంచునున్న ఊరు. మా తాత జొన్నచేలో మంచె వేసేవాడు. నాలుగు గుంజలు, పైన అడ్డకట్టెలు, వాటిమీద చొప్ప, ఎండకు ఒక ఈతాకుల చాప. పొద్దున పిట్టలకు వడిసెల, రాత్రి పందులకు పగిలిన నూనెడబ్బా. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఆ డబ్బా కొట్టే ఉద్యోగం నాది. ఒకోసారి చెంచులు అడవి దిగి వచ్చి తేనె ఇచ్చి జొన్నలు తీసుకుపోయేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన విల్లును మంచె గుంజకు ఆనించి కూచునేవాడు. ముట్టుకోబోతే తాత కసిరాడు గానీ ఆయనేమీ అనలేదు. అల్లెతాడును వేలితో మీటి నా చెవి దగ్గర పెట్టాడు. అప్పటికే 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చేసింది, ఆ విల్లుతో ఆయన చేసే పని నేరమైపోయింది. ఆ సంగతి మా ఊళ్ళో ఎవరికీ తెలిసినట్టు లేదు. 1978లో శ్రీశైలం-నాగార్జునసాగర్ అడవిని అభయారణ్యంగా ప్రకటించాక ఫారెస్టువాళ్ళ రాకపోకలు పెరిగాయి, అప్పుడు తెలిసింది.

తాత మంచె ఎక్కింది జంతువుల్ని తరమడానికి. నేను ఎక్కేది అవి దగ్గరికొస్తాయని. మా నాన్నకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు. "పందుల్ని తోలేదానికి ఎక్కితే ఒక అర్థముంది. నోరు మూసుకోని ఆరు గంటలు కూచునేదానికి ఎక్కడమేందిరా? దానికి లైసెన్సు డబ్బులు కూడానా?" అంటాడు ఫోనులో.

ఆ ప్రశ్నకు జవాబు దూరంలో ఉంది. తుపాకీవాడు రెండు వందల గజాల నుంచి కొట్టగలడు. విల్లుకు ఇరవై గజాలు. నాకు అంతే. నాకంటే మొనగాళ్ళు నలభై అంటారు, అననీ. బాణం గుండు కాదు, ఆ దెబ్బకు జంతువు అక్కడికక్కడే కూలదు. ములికి రెండు ఊపిరితిత్తుల్నీ కోసుకుంటూ పోవాలి, నెత్తురు పోయి పడాలి. నాలుగు వేళ్ళు అటూ ఇటూ అయితే గాయపడిన జంతువు రాత్రంతా అడవిలో తిరుగుతుంది. అందుకని దగ్గరికి చేరాలి, దానికి తెలియకుండా చేరాలి. విల్లువేట చరిత్ర మొత్తం ఈ చివరి ఇరవై గజాల దగ్గర పడ్డ పాట్లే.

అసలు తుపాకీ చేతిలో ఉండగా విల్లెందుకు పట్టారన్నది ముందు చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఈ దేశంలో తెల్లతోక దుప్పులు దాదాపు ఖాళీ అయిపోయాయి. జింకలనే అందరూ రాస్తారు గానీ కొమ్ములు ఏటా రాల్చుకునేది దుప్పి, నేను దుప్పి అనే రాస్తాను. అడవి కొట్టి పొలాలు చేశారు. రైలుపెట్టెల్లో మాంసం నింపి షికాగోకు, న్యూయార్కుకు పంపారు. అడ్డూ ఆపూ లేదు. 1900లో లేసీ చట్టం వచ్చి, దొంగవేట మాంసాన్ని రాష్ట్రం దాటించడం నేరం చేసింది. విస్కాన్సిన్‌లో 1925 నుంచి కొన్నేళ్ళపాటు సంవత్సరం విడిచి సంవత్సరం వేట మూసేశారు. తుపాకీకి అలా తాళం పడ్డ కాలంలోనే, తక్కువ చంపే ఆయుధమొకటి మళ్ళీ కొందరి కంట్లో పడింది.

కంట్లో పడేలా చేసినవాడి కథ మాత్రం ఇక్కడి షాపుల గోడల మీద కనిపించదు. 1911 ఆగస్టు 29న కాలిఫోర్నియాలో ఓరోవిల్ ఊరి బయట కబేళా దొడ్డి దగ్గర ఒక మనిషి దొరికాడు. యాభైయేళ్ళ లోపు వయసు, ఒంటరి, ఆకలితో శల్యమై ఉన్నాడు. అతని జాతి యాహి. బంగారం కోసం వచ్చిన తెల్లవాళ్ళు రెండు మూడు దశాబ్దాలలో వాళ్ళను వేటాడి చంపారు. మిగిలిన గుప్పెడుమంది కొండల్లో దాక్కుని ఒకరొకరే పోయారు. చివరికి మిగిలినవాడితడు. తన పేరు తానే చెప్పుకోకూడదన్నది వాళ్ళ ఆచారం, చెప్పడానికి మరొకరు లేరు. మానవశాస్త్రవేత్త క్రోబర్ అతణ్ణి ఇషీ అని పిలిచాడు, వాళ్ళ భాషలో మనిషి అని అర్థం. శాన్‌ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయం మ్యూజియంలోనే బస. పక్కనే ఆస్పత్రి. అందులో సర్జన్ శాక్స్‌టన్ పోప్ వైద్యం కోసం వచ్చిపోతూ శిష్యుడైపోయాడు.

ఇషీ జూనిపర్ కర్రతో విల్లు చేసేవాడు. వీపున దుప్పి నరాలు నమిలి మెత్తబరచి అంటించేవాడు. నల్లగాజు రాయిని, అది లేనప్పుడు సీసాపెంకును, కొమ్ముమొనతో పొరలు పొరలుగా చిట్లించి ములుకులు చేసేవాడు. లక్ష్యానికి గురిపెట్టి కొట్టే పందెంలో పోప్ అతణ్ణి మించేవాడట. అడవిలో మాత్రం ఇషీ దగ్గర పోప్ పసిపిల్లవాడే. 1914 మేలో క్రోబర్, పోప్, మరికొందరు అతణ్ణి వెంటబెట్టుకుని డియర్ క్రీక్ లోయకు, అంటే అతని సొంత ఊరికి, పోయారు. వేటకు ముందు అతను ఏం చేసేవాడో పోప్ వివరంగా రాసిపెట్టాడు. ముందురోజు చేప తినడు. పొగ తాగడు. తెల్లవారుజామున వాగులో స్నానం, వాసన ఆకులతో ఒళ్ళు రుద్దుకోవడం, నోరు పుక్కిలించడం. నీళ్ళు తాగుతాడు గానీ ఏమీ తినడు. ఆ తరవాత మాటుకు కూచుంటాడు. వేళ్ళు పెదాలకు ఆనించి కుందేలుపిల్ల ఏడ్చినట్టు చప్పుడు చేస్తే కుందేళ్ళే కాదు, వాటికోసం నక్కలూ వచ్చేవట.

పోప్ రాసిన ఆ పేరా చదివిన రోజు గ్యారేజీలోకి వెళ్ళి నా సామాను చూసుకున్నాను. వాసనలేని సబ్బు, వాసనలేని బట్టల సబ్బు, వేటబట్టలు గాలి సోకకుండా దాచే ప్లాస్టిక్ పెట్టె. బట్టల్ని ఉతికి అందులో ఎండుటాకులతో పాటు మూతపెడతాను. మా ఇంట్లో తాలింపు వాసన ఎక్కడిదాకా పోతుందో తెలుసు కదా. సెప్టెంబరు వస్తే ఇంగువ డబ్బా నాకు శత్రువు. మా ఆవిడ నవ్వుతుంది: "పెళ్ళిచూపులకు కూడా ఇంత శుభ్రంగా రాలేదు మీరు." ఇషీ వాగుతో తీర్చుకున్న అవసరానికి ఇక్కడ ఒక పరిశ్రమే నిలబడింది.

1916 మార్చి 25న ఇషీ క్షయతో పోయాడు. అతని మెదడును తీసి వాషింగ్టన్ మ్యూజియానికి పంపారు, 2000లో గానీ అది కాలిఫోర్నియా తెగలవాళ్ళ చేతికి తిరిగి రాలేదు. పోప్ 1923లో విల్లువేట మీద పుస్తకం ప్రచురించాడు. ఈ దేశంలో విల్లు పట్టిన తెల్లవాళ్ళందరికీ అది పాఠ్యగ్రంథమైంది. తరవాత పోప్, అతని జోడీ ఆర్ట్ యంగ్ కలిసి 1925లో ఆఫ్రికా పోయి సింహాల మీద బాణాలు వేశారు, వెనక తుపాకీ కాపలా పెట్టుకుని. ఆ యాత్రను నేనేమీ మెచ్చుకోను. ఇషీ దగ్గర నేర్చుకున్నవాడు చెయ్యాల్సిన పని కాదది. అయినా 1961లో పెట్టిన విల్లువేటగాళ్ళ సంఘానికి పోప్ అండ్ యంగ్ అని వాళ్ళిద్దరి పేర్లే పెట్టారు. గురువు పేరు ఆ సంఘానికి ఎక్కలేదు.

ఆర్ట్ యంగ్ తీసిన అలాస్కా వేట సినిమాను 1927లో డెట్రాయిట్‌లో ఒక కుర్రాడు చూశాడు. పేరు ఫ్రెడ్ బేర్, అంటే ఎలుగుబంటి. 1933లో విల్లుల వ్యాపారం పెట్టి, తరవాత మిషిగన్‌లో గ్రేలింగ్‌కు మార్చాడు. విల్లును అంగడి సరుకు చేసిన ఘనత చాలామటుకు ఆయనదే.

ఇక మా రాష్ట్రం. రసీన్ ఊరివాడు రాయ్ కేస్ 1930లో విస్కాన్సిన్‌లో చట్టబద్ధంగా బాణంతో దుప్పిని కొట్టాడు. విల్లుకు వేరే సీజన్ ఇవ్వండని పట్టుబట్టినవాళ్ళలో ఆయన ముందున్నాడు. 1934లో సాక్, కొలంబియా అనే రెండు కౌంటీల్లో విల్లుకు మాత్రమే సీజన్ తెరిచారు. ఈ కాలంలో దేశంలో అదే మొదటిది. ఆ మొదటి దండులో ఒక ప్రొఫెసరు కూడా ఉన్నాడు, ఆల్డో లియోపోల్డ్. అమెరికాలో అడవుల గురించి మాట్లాడాలంటే ఆయన పేరు తలవకుండా కుదరదు. విల్లులు స్వయంగా చెక్కేవాడు. భార్య ఎస్టెల్లా విలువిద్యలో రాష్ట్ర స్త్రీల ఛాంపియన్, గురిలో మొగుడికంటే మెరుగని చెప్పుకుంటారు. 1935లో సాక్ కౌంటీలో నది ఒడ్డున చవిటిపర్రలాంటి ఇసుకపొలం కొని, అందులో మిగిలిన కోళ్ళకొట్టాన్ని బాగుచేసుకుని వారాంతాల్లో పిల్లలతో ఉండేవాడు. వేల చెట్లు నాటారు. మా ఇంటి నుంచి కారులో గంట లోపే. ఆ కొట్టాన్ని నాలుగుసార్లు చూశాను. ఇంత చిన్న గదిలో అంత మంది ఎలా పడుకున్నారో ఇప్పటికీ అర్థం కాదు.

వీళ్ళెవరూ చెట్టెక్కినవాళ్ళు కారు. నేలమీద నడిచారు, పొదల చాటున కూచున్నారు, చాలామటుకు ఉత్తచేతులతో ఇళ్ళకు పోయారు. పెద్దాయన చిన్నప్పుడు కూడా అంతే. ఆయన తండ్రి ఆపిల్‌చెట్టు పంగలో కూచునేవాడట, అదీ పొలంలో పని ఎగ్గొట్టడానికని పెద్దాయన అనుమానం. తరవాత చెట్టుకు చెక్కముక్కలు మేకులతో కొట్టి మెట్లు చేసి, పైన పలక పరచడం మొదలైంది. అలాంటిదొకటి ఇప్పటికీ ఆయన అడవి మూలన ఉంది. కింది మెట్లు కుళ్ళి రాలిపోయి, పై రెండు మాత్రం మనిషికి అందనంత ఎత్తులో వేలాడుతున్నాయి. ఇలా చెట్టెక్కడం ధర్మమేనా అన్న పేచీ కూడా నడిచింది. మిషిగన్‌లో తుపాకీవాళ్ళు చెట్టెక్కి కొట్టడం చాలాకాలం నిషేధం.

దుప్పి కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి, నేలబారున వచ్చే కదలికను ఇట్టే పట్టేస్తాయి. తలెత్తి చూసే అలవాటు తక్కువ. పదిహేను, ఇరవై అడుగుల ఎత్తున మన వాసన కూడా దాని ముక్కు మీదుగా పోయే అవకాశముంది, గాలి కలిసొస్తే. మరీ ఎత్తుకు పోతే బాణం నిట్టనిలువుగా దిగి ఒక్క ఊపిరితిత్తికే తగులుతుంది, కాబట్టి ఎత్తెక్కిన కొద్దీ లాభమనుకోవడం తప్పు. 1970ల నుంచి ఇనుపగొట్టాలతో, తరవాత అల్యూమినియంతో మంచెలు షాపుల్లోకి వచ్చాయి. చెట్టుకు ఆనించే నిచ్చెన మంచెలు, వీపున మోసుకెళ్ళి వేలాడగట్టేవి, చెట్టును పట్టుకుని మనతో పాటే పైకి పాకేవి.

దాదాపు ఆ కాలంలోనే విల్లు కూడా మారిపోయింది. మిస్సోరీకి చెందిన హాలిస్ విల్బర్ ఆలెన్ విల్లు కొసలకు కప్పీలు బిగించాడు. 1969 డిసెంబరులో పేటెంటు వచ్చింది. మామూలు విల్లును ఎంత లాగితే అంత బరువు, పట్టి ఉంచితే చెయ్యి వణుకుతుంది. కప్పీల విల్లులో సగం లాగాక బరువు జారిపోతుంది. నాది అరవై పౌన్ల విల్లు, పూర్తిగా లాగాక వేళ్ళమీద మిగిలేది పన్నెండు, పదిహేను పౌన్లే. దుప్పి చెట్టు చాటుకు పోయినప్పుడు లాగి, అది బయటికి వచ్చేదాకా ఓపికపట్టొచ్చు. పెద్దాయన దాన్ని "చక్రాలబండి" అంటాడు. ఈ మాటలో అసూయ ఎంతో, న్యాయమెంతో నేను తేల్చుకోలేదు. ఆలెన్ రాకపోతే, ఆఫీసు పనిచేసి నడుంపట్టేసిన నాబోటివాళ్ళు విల్లు పట్టేవాళ్ళు కారు.

మంచె తీసుకున్న బలులు మాత్రం ఎక్కువ. వేటలో తుపాకీ పేలి పోయేవాళ్ళ గురించి పేపర్లు రాస్తాయి, చెట్టు మీదినుంచి పడి నడుములు విరగ్గొట్టుకున్నవాళ్ళ గురించి ఆస్పత్రుల్లో తెలుస్తుంది. నేనూ పడ్డాను, నా రెండో సీజనులో. ఎవరింటి ముందో పాత సామాన్ల అమ్మకంలో కొన్న మంచె. తుప్పు చూశాను, పర్లేదనుకున్నాను. దిగేటప్పుడు నిచ్చెన మీదికి కాలు మార్చబోయాను, పలక పక్కకు ఒరిగింది. ఆ రోజుల్లో నడుముకు ఒక్క బెల్టు కట్టుకునేవాళ్ళం. ఆ బెల్టు నన్ను నేలమీద పడనివ్వలేదు గానీ పక్కటెముకల కిందికి జరిగి ఊపిరి నొక్కేసింది. కాలికి నిచ్చెన మెట్టు తగిలింది కాబట్టి ఈ వ్యాసం రాస్తున్నాను. రెండు నెలలు తుమ్మాలంటే భయం. పెద్దాయన జాలిపడలేదు. తుప్పుపట్టిన మంచెను ట్రాక్టరు కింద పెట్టి తొక్కించాడు, అంతే.

ఇప్పుడు భుజాలకు, తొడలకు పట్టేసే పూర్తి కవచం. కిందినుంచి పైదాకా ఒక తాడు వేలాడుతుంది, దానికి ఇంకో ముడితాడు. పైకి జరిపితే జరుగుతుంది, కిందికి లాగితే కరుచుకుంటుంది. నేల మీద తొడుక్కున్న కవచం మళ్ళీ నేల మీదే విప్పాలి. విల్లును చేతబట్టి ఎక్కకూడదు, పైకెక్కి కూచున్నాక తాడుతో చేదుకోవాలి, బావిలో బొక్కెన చేదినట్టు. మంచె కట్టేటప్పుడు చెట్టు చుట్టూ, నడుం చుట్టూ వేసుకునే బెల్టు ఒకటుంది. మొదటిసారి దాన్ని వేసుకుని వెనక్కి వాలగానే నాకు మా ఊరి తాటివనం గుర్తొచ్చింది. గీతకార్మికుడి మోకు ఇదే కదా! ఆ మోకు జారి పడ్డవాళ్ళను మన పల్లెల్లో అందరం చూసినవాళ్ళమే. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్ష పేరుతో గీతకార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందని చదివి, ఫోటోలు పెద్దవి చేసి చూశాను. నేను సరదాకు కట్టుకునేది వాళ్ళకు బువ్వ కోసం అందడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఇక సెప్టెంబరు దాకా మిగిలేవి చిన్న పనులు. అల్లెతాడుకు మైనం రుద్దడం. రోజూ సాయంత్రం ఇంటి వెనక డెక్ మీదినుంచి కిందికి, స్పాంజి దుప్పి బొమ్మ మీద ఇరవై బాణాలు. పైనుంచి కొట్టేటప్పుడు చెయ్యి దించకూడదు, నడుం దగ్గర వంగాలి. ఆఖరివారంలో తెల్ల ఓక్ చెట్ల కింద తిరిగి కాయ రాలుతోందో లేదో చూసుకోవడం. ఎర్ర ఓక్ కాయ చేదు. దుప్పులు ముందు తెల్ల ఓక్ దగ్గరికే పోతాయి. 2002లో ఈ చుట్టుపక్కలే దుప్పులకు మెదడు తినేసే జబ్బు బయటపడింది. అప్పటినుంచి మేత చల్లి పిలవడం మా కౌంటీలో కుదరదు, మాంసం తినేముందు పరీక్షకు పంపుతాం.

ఈ ఏడు ఒక పని ఎక్కువైంది. పెద్దాయన కుడిభుజం పూర్తిగా పోయింది. 2014లో విస్కాన్సిన్ అందరికీ క్రాస్‌బో సీజన్ తెరిచింది. తుపాకీలా బుజానికి ఆనించి మీట నొక్కే విల్లది. ఆ రోజు ఈయన తిట్టిన తిట్లు నాకింకా జ్ఞాపకం. "చక్రాలబండి చాలదని ఇప్పుడు కుర్చీ కూడా ఇచ్చారు" అన్నాడు. నాకూ దానిమీద సదభిప్రాయం లేదు, విల్లు సీజన్ విల్లుదే కావాలంటాను. మొన్న జులైలో ఆయన కూతురు ఒక క్రాస్‌బో కొనిచ్చింది. నెల్లాళ్ళు పెట్టె విప్పలేదు. ఆ తరవాత ఒకరోజు నా దగ్గరికొచ్చి, మొహం పక్కకు తిప్పుకుని, తెల్ల ఓక్ దగ్గర నేలమీద కూచోడానికి ఏదైనా వేస్తావా అన్నాడు.

పాతికేళ్ళలో ఆయన నన్నడిగిన మొదటి సాయమది. పడిపోయిన మాపుల్ కొమ్మలు అడ్డంపెట్టి, లోపల కుర్చీకి చదును చేసి, గాలివాటం రెండుసార్లు చూసి మాటు కట్టాను. కుర్చీలోంచి ఓక్ మొదలుకు టేపు పట్టి కొలిచాను. సరిగ్గా ఇరవై గజాలు, అక్కడ కొమ్మకు ఎర్ర పీలిక కట్టాను. పెద్దాయన లేచి, టేపును నమ్మనట్టు, కర్ర ఊతంతో అడుగులు లెక్కపెట్టుకుంటూ ఓక్ దాకా పోయాడు.

"ఇరవై నాలుగు" అన్నాడు వెనక్కి తిరిగి. "కుర్చీ ముందుకు జరుపు."

జరిపాను.